రెండు తోకల పాఠం

అంజనదుర్గానికి మెట్లదారి లేదు. మబ్బులను మొలకు చుట్టుకున్న నల్లరాతి కొండ నెత్తిన పచ్చల గుమ్మటాలు, పగడాల పిట్టగోడలు, నోళ్ళు తెరిచిన వెండి సింహాల తూములు, ఎండ తగిలితే రంగులు కక్కే స్ఫటిక గవాక్షాలు. వర్ణించుకుంటూ పోతే పొద్దు చాలదు. బురుజులకు వేలాడే కంచు గంటలు గాలి లేకపోయినా మోగేవి, గాలి వీస్తే ఊరుకునేవి. ధూమజిహ్వుడనే మాంత్రికుడి కోట అది. కోటకూ ఎదుటి కొండకూ నడుమ అడుగు కనిపించని లోయ, లోయమీదుగా ఒక మోకు, మోకుకు వేలాడే వెదురు బుట్ట. పోవాలన్నా రావాలన్నా అదొక్కటే దారి. పోయినవాళ్ళే గానీ వచ్చినవాళ్ళు లేరు కనుక, ఆ బుట్ట ఎప్పుడూ వెనక్కి ఖాళీగానే తిరిగేది.

ఆ ఉదయం బుట్టలో ఇద్దరున్నారు. ఒకరికి నిలువెల్లా విభూతి, మెడనిండా రుద్రాక్షలు, భుజాన పట్టుశాలువా, చంకలో తాటాకుల కట్ట, పొట్టమీదికి దిగిన గడ్డం. చూసినవాళ్ళు చేతులు జోడించే పండితుడు. నిజానికి అతడు కాంచనద్రోణి రాజకుమారుడు అరిందముడు, ఆ గడ్డం ఒక మేకది. ఉద్యానవనంలో ఉయ్యాల ఊగుతున్న అతని చిట్టి చెల్లెలు కువలయను ధూమజిహ్వుడి రాబందులు ఎత్తుకుపోయాయి. ఆమెను విడిపించడానికే ఈ వేషం. రెండోవాడు అతని అంగరక్షకుడు బొర్రన్న. ప్రస్తుతానికి శిష్యుడు.

"దొరా, ఈ బుట్ట అల్లినోడు నన్ను చూసి అల్లలేదు. ఏ పిట్టకో అల్లాడు," అన్నాడు బొర్రన్న, మోకును రెండు చేతులా పట్టుకుని.

"దొరా అనకు. గురువుగారూ అను."

"సరే గురువుగారూ, కిందికి చూడమాకండి. నేను చూశాను. పొద్దున తిన్న చల్దన్నం గొంతుదాకా వచ్చింది."

మోకు సగానికి రాగానే ఎండ మాయమైంది. అరిందముడు తలెత్తి చూశాడు. పడవంత రాబందు రెక్కలు ముడిచి నిలువునా దిగుతోంది. కోటకు పిలిచిన పండితుడైనా దానికి ఆహారమే. దాని ముక్కు మోకుమీద పడింది. ఒక పురి తెగి, బుట్ట ఒక్క పక్కకు ఒరిగిపోయింది. అరిందముడి చేతికర్రలో కత్తి ఉంది. కానీ బురుజుమీద కావలివాళ్ళు కళ్ళు చిట్లించి ఇటే చూస్తున్నారు. పండితుడు కత్తి దూస్తే రాబందుతోపాటు వేషమూ చస్తుంది. రాబందు రెండోసారి ముక్కెత్తింది.

అతను భుజంమీది శాలువా లాగి దాని తలమీదికి విసిరాడు. కళ్ళు మూసుకుపోయిన పక్షి కీచుమని అరిచి గిర్రున తిరిగింది, రెక్క లోయగోడకు తగిలి పొడి రాళ్ళు రాల్చుకుంటూ కిందికి జారిపోయింది. అదే ఊపుకు బుట్ట తలకిందులు కాబోయింది. బొర్రన్న "అమ్మోయ్" అంటూ తన బొజ్జనంతా అవతలి అంచుమీద వేశాడు. బుట్ట సర్దుకుంది. తెగిన పురి కిర్రుకిర్రుమంటుండగానే కోట గుమ్మం చేరుకున్నారు.

"శాలువా పోయిందే పంతులూ!" అని కావలివాడు పళ్ళికిలించాడు. "దిగులు పడమాక. పాఠం బాగా చెప్తే లోపల ఇంకోటి కప్పుతారు. చెప్పకపోతే ఈకలు కప్పుతారు."

ఆ మాటకు అర్థం సభామంటపంలో తెలిసింది. చంద్రకాంత స్తంభాల నడుమ బంగారు పంజరాలు వరసగా వేలాడుతున్నాయి. వాటిలోని చిలకలు ఎవరూ అడగకుండానే శాస్త్రం వల్లిస్తున్నాయి. మంటపం చివర, పులిచర్మం పరచిన నల్లరాతి గద్దెమీద ధూమజిహ్వుడు కూర్చుని ఉన్నాడు. మనిషి సన్నగా, నీటుగా ఉన్నాడు. నోరు విప్పినప్పుడు మాత్రం మాటతోపాటు పొగ వచ్చేది.

"వీళ్ళందరూ నీకు ముందు వచ్చిన పండితులు," అన్నాడు పంజరాలు చూపిస్తూ. "పిల్లలకు ఛాయాశాస్త్రం చెప్పమంటే చెప్పలేకపోయారు. చెప్పాల్సిందేదో అక్కడే కూర్చుని చెప్పుకోమన్నాను."

"పిల్లలకు ఛాయాశాస్త్రం ఎందుకు స్వామీ?" అన్నాడు అరిందముడు. ఏదో వేరు నమిలి గొంతు బొంగురు చేసుకున్నాడు.

ధూమజిహ్వుడు పొగ వదిలి, ఓపిగ్గానే చెప్పాడు. ఈ కొండ కడుపులో ఛాయాబిలం ఉంది. దాని చివర ఆయుష్మణి ఉంది. అది చేతికొస్తే తనకు చావు లేదు. కానీ పాలపళ్ళు పోయినవాడు ఎవడు అందులో కాలుపెట్టినా పాదాల నుంచి మొదలై పైకి పైకి రాయైపోతాడు. కనుక పిల్లలే వెళ్ళాలి. మణివైపు కళ్ళెత్తితే చూపు పోతుంది. కనుక తలొంచుకుని వెళ్ళాలి. తలొంచుకున్నవాడికి దారి చూపేది నీడ ఒక్కటే. మణి వెలుగును రాయి ఆపలేదు, గోడలను దాటుకుని వస్తుంది. మనిషి ఒళ్ళు మాత్రమే దాన్ని ఆపుతుంది.

"ఇదివరకు పంపిన పిల్లలేమయ్యారు?"

"వాళ్ళకు శాస్త్రం కంఠతా వచ్చింది. దారి రాలేదు," అన్నాడు ధూమజిహ్వుడు. తాంబూలం అందుకున్నాడు.

అరిందముడు వినయంగా తలూపాడు. అతని ఆలోచన వేరు. అమావాస్యకు ధూమజిహ్వుడు మౌనదీక్షలో కూర్చుంటాడు. ఆ రోజు కావలివాళ్ళ గంజిలో బొర్రన్న ఉమ్మెత్త గింజలు నూరి కలుపుతాడు. వాళ్ళు మత్తులో పడి ఉండగా పిల్లలను బుట్టలో దాటించెయ్యాలి. అమావాస్య వచ్చేదాకా పాఠం చెబుతున్నట్టు కనిపిస్తే చాలు. దారిలో కలిసిన ముసలి పండితుడు శంఖపాల భట్టు, కోటకు రమ్మన్న పిలుపు అందుకుని వణుకుతూ వస్తున్నవాడు, తన తాటాకుల కట్టనూ రుద్రాక్షలనూ ఇతనికిచ్చి, శాస్త్రమంతా ఒకసారి నూరిపోసి, వచ్చిన దారినే సంతోషంగా వెళ్ళిపోయాడు.

పాఠశాల కోట వెనక నాపరాళ్ళ ముంగిట్లో ఉంది. నానా దేశాల పిల్లలు వరసల్లో కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతున్నారు. మూడో వరసలో కువలయ కనిపించింది. చిక్కిపోయింది. ఒక కాలికి మువ్వల పట్టీ ఉంది, రెండో కాలికి లేదు. వచ్చిన గడ్డాన్ని ఒకసారి చూసి, ఇంకో అయ్యవారు కాబోలు అనుకుని తల దించుకుంది. అరిందముడికి పరిగెత్తుకెళ్ళి ఎత్తుకోవాలనిపించింది. ఎత్తుకోకుండా తాటాకు విప్పాడు.

"తేజోభిముఖుడగు పథికుని ఛాయ పృష్ఠానుగామిని యగును," అని చదివాడు.

పిల్లలందరూ ఒక్క గొంతుతో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పారు.

"భేష్. ఏమిటి దీని అర్థం?"

పిల్లలు ఊగడం ఆపేశారు. ముందు వరసలో కుమ్మరి ఇంటి పిల్లవాడు సోమడు భయం భయంగా చెయ్యెత్తాడు. "అర్థం కూడా చెప్పాలా అయ్యవారూ? ఇంతకుముందు అయ్యవార్లు ఎవరూ అడగలేదు."

అరిందముడు తాటాకు కట్టను పక్కన పడేశాడు. నిజానికి ఇక్కడే ఆగి ఉండాల్సింది. అమావాస్యదాకా పిల్లలను ఊగనిచ్చి, తానూ ఊగుతూ కూర్చుంటే సరిపోయేది. కానీ బిక్కమొహాలు వేసుకున్న అంతమందిని ఎదురుగా పెట్టుకుని అతనికి చేతులు ఊరుకోలేదు.

"లేవండి. అందరూ ఎండలోకి రండి," అన్నాడు. "నీడని వెనక్కి వేసుకుని నిలబడండి. చూశారా, అది మీ తోక. తోక వెనకే ఉంటుంది కదా? ముందుకొస్తే దాన్ని తోకంటారా?"

"అనరు!" అన్నారు పిల్లలు.

"తోక పక్కకి జారిందంటే మీరు తప్పు దారిలో ఉన్నట్టు. మళ్ళీ వెనక్కి వచ్చేదాకా తిరగండి. ఇంతే పాఠం. బొర్రన్నా, నువ్వు కోతివి."

"అది కొత్తగా చెప్పాలా గురువుగారూ," అన్నాడు బొర్రన్న. పంచె ఎగ్గట్టి పిల్లల మధ్యకు దూకి, ఎవరి తోక పక్కకు జారితే వాళ్ళ నీడమీద ధబ్బున కాలేశాడు. కాలు పడినవాళ్ళు ఆటలోంచి బయటికి. కేరింతలతో ముంగిలి దద్దరిల్లింది. ఎండ కదిలింది, తోకలు కదిలాయి, పిల్లలూ కదిలారు. ఆ తర్వాత కిటికీలు లేని ధాన్యపు కొట్లోకి తీసుకుపోయి, ఒక మూల దివిటీ పట్టుకుని నిలబడి, తలొంచుకుని తోకను బట్టి తనను పట్టుకోమన్నాడు. మూల మార్చినా, మనిషి మారినా పట్టేశారు. తోక ఎన్నడూ జారనివ్వనిది మాత్రం కువలయ ఒక్కతే. ఆమె ఆట గెలిచినట్టు నవ్వింది. చెల్లెలు నవ్వడం చూసి అరిందముడు ఎందుకు వచ్చాడో కాసేపు మరిచిపోయాడు. శాస్త్రకారుడు ఆశ్వాసాలకు ఆశ్వాసాలు నింపిన సంగతి పిల్లలకు మధ్యాహ్నం భోజనాల వేళకు పట్టుబడింది.

భోజనాలకు పోబోతూ ముంగిట్లో కువలయ ఆగింది. "అయ్యవారూ, దివిటీలు రెండుంటే తోకలూ రెండు వస్తాయి కదా?"

సరైన ప్రశ్న. శాస్త్రంలో దీనికి చోటు ఉంది. ద్వితేజఃప్రకరణమని తాటాకు కట్ట చివర ఒక భాగముంది. అందులో వ్యాఖ్యాతలు ఒకరినొకరు ఖండించుకుంటూ పోతారు. అరిందముడు దాన్ని దారిలో రెండుసార్లు చదివి, తలనొప్పి తెచ్చుకుని వదిలేశాడు. ఇంత చక్కగా వచ్చిన పాఠంలో ఇప్పుడు ఆ గొడవ పెడితే పిల్లలు ఉన్నది కూడా పోగొట్టుకుంటారనిపించింది. ఎలాగూ వీళ్ళు ఆ బిలం ముఖం చూడకముందే దాటించేస్తాం కదా అనీ అనుకున్నాడు.

"రెండుండవమ్మా. ఒకటే దీపం, ఒకటే తోక."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

కువలయ తలూపి వెళ్ళిపోయింది. పాఠం చెప్పేవాళ్ళు పిల్లల మంచికోసమే అనుకుని ఇలాంటి మాట ఒకటి చెబుతూ ఉంటారు. చాలాచోట్ల దానివల్ల ఏమీ కాదు, పెద్దయ్యాక ఇంకో అయ్యవారు సర్దుతాడు. అంజనదుర్గంలో పిల్లలకు ఇంకో అయ్యవారు లేడు.

కొట్టు గోడమీద ఒక నల్లబల్లి ఆట మొదలైనప్పటినుంచీ కదలకుండా ఉంది. దివిటీ ఆర్పడానికి అరిందముడూ బొర్రన్నా తిరిగి రాగానే అది టప్పున నేలమీద పడింది. పడిన చోట పొగ లేచింది, పొగలోంచి ధూమజిహ్వుడు లేచాడు.

"శభాష్ పండితుడా! నీకు ముందు వచ్చినవాళ్ళు ఏళ్ళూ పూళ్ళూ తీసుకున్నారు. నువ్వు పూట తిరక్కుండా తేల్చేశావు. ఇక ఆలస్యమెందుకు? ఆ మువ్వల పట్టీ పిల్ల తోక ఒక్కసారీ జారలేదు. భోజనం కాగానే దాన్ని బిలంలోకి పంపిస్తున్నాను."

అరిందముడు చప్పున చేతులు జోడించాడు. "స్వామీ, పాఠం ఇంకా పూర్తికాలేదు. ఇంకొన్నాళ్ళు గడువిస్తే..."

"నేను కళ్ళారా చూశానుగా. వినయం ఎక్కువైతే బాగుండదు," అన్నాడు ధూమజిహ్వుడు. శాలువా కప్పమని సేవకుడికి సైగ చేశాడు.

"దొరా, ఉమ్మెత్త గింజలు ఇంకా నానబెట్టనైనా లేదు," అని బొర్రన్న అతని చెవిలో గొణిగాడు. పాఠం అంత బాగా చెప్పకుండా ఉంటే వాటికి నానే వ్యవధి ఉండేదని ఇద్దరికీ తెలుసు.

ఛాయాబిలం ముఖద్వారం కోట నడిబొడ్డునే ఉంది. మకరతోరణం చెక్కిన గుమ్మానికి ఇరువైపులా రాతి వీరులు బల్లేలెత్తి నిలబడి ఉన్నారు. వాళ్ళను ఏ శిల్పీ చెక్కలేదు, మణికోసం ఒకప్పుడు లోపలికి దూసుకుపోబోయినవాళ్ళు వాళ్ళు. లోపలినుంచి పాలవంటి వెలుగు గోడలలోంచి ఉబికి వస్తోంది. దాన్ని చూడకుండా అందరూ తలలు దించుకున్నారు. ధూమజిహ్వుడు వెండి పళ్ళెంలో కాటుకా ఆముదమూ కలిపి అంజనం వేశాడు. పెదవులు కదిపాడు. నల్లటి ఆ నూనెలో బిలం లోపలి మందిరాలు ఒక్కొక్కటే తేలాయి.

"లోపల నీ వాళ్ళ గొంతులతో ఎవరెవరో పిలుస్తారు. అదంతా బిలం చేసే మాయ. నమ్మి వెనక్కి తిరిగితే చస్తావు," అన్నాడు కువలయతో. "నీ అయ్యవారు చెప్పిన మాటే నీకు దారి."

కువలయ అయ్యవారి కాళ్ళకు దణ్ణం పెట్టింది. "తోక జారనివ్వను అయ్యవారూ," అంది. అరిందముడు ఆమె నెత్తిమీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తియ్యడం అతనికి చాలా కష్టమైంది.

అంజనంలో ఆమె కనిపించింది. మొదటిది సర్పమందిరం. స్తంభాలకు చుట్టుకున్న స్వర్ణసర్పాలు పడగలు విప్పి బుసలు కొట్టాయి. తలెత్తినవాళ్ళనే అవి కాటేస్తాయి. కువలయ తలెత్తలేదు. తోక కాస్త ఎడమకు జరిగింది, ఆమె కాస్త కుడికి తిరిగింది, తోక వెనక్కి వచ్చింది, దాటిపోయింది. రెండోది అద్దాల మందిరం. అద్దాల్లో ఉన్న లెక్కలేనంతమంది కువలయలు తలలెత్తి, నవ్వుతూ, రారమ్మని పిలిచారు. అసలు కువలయ తన కాళ్ళు తప్ప ఏమీ చూడలేదు. ధూమజిహ్వుడి ముక్కుల్లోంచి సంతోషంతో పొగ సుడులు తిరిగింది.

మూడో మందిరం గడప దాటగానే ఆమె ఆగిపోయింది.

ఆ మందిరంలో ఒక పక్క ఆయుష్మణి ఉంది, ఇంకో పక్క ఒక సొరంగానికి ఎదురుగా అగ్నిగుండం ఉంది. నేలలోంచి నాలుకలు చాస్తూ మండుతోంది. దాని వెలుగు పక్క గదులకు రాలేదు కనుక ఇంతవరకూ ఎవరికీ తెలియలేదు. కువలయ కాళ్ళ దగ్గరినుంచి రెండు నీడలు సాగాయి. ఒకటి వెనక్కి, ఒకటి పక్కకి. తిరిగితే అది పక్కకి, ఇది వెనక్కి. అంజనంలో ఆమె పెదవులు కదిలాయి. ఏమంటోందో అరిందముడికి వినబడక్కర్లేదు. "రెండుండవు, రెండుండవు," అంటోంది.

"ద్వితేజఃప్రకరణం చెప్పే ఉంటావుగా?" అన్నాడు ధూమజిహ్వుడు పళ్ళెంలోంచి తలెత్తకుండా.

కువలయ ఒక తోకను ఎంచుకుంది. దాన్ని వెనకేసుకుని అగ్నిగుండంవైపు ఒక అడుగు వేసింది.

అరిందముడు పళ్ళేన్ని కాలితో తన్నాడు. అంజనం ధూమజిహ్వుడి మొహమంతా చిందింది. కావలివాళ్ళు బల్లేలతో మీదపడేలోగా బొర్రన్న పొట్ట అడ్డుపెట్టి వాళ్ళమీద దొర్లాడు. అరిందముడు మకరతోరణం కిందినుంచి లోపలికి దూకాడు.

"పోనివ్వండి, ఇంకో బొమ్మ తయారవుతుంది," అని ధూమజిహ్వుడు కళ్ళు తుడుచుకుంటూ నవ్వడం అతని వీపుకు వినబడింది.

బిలం మాటను మింగేస్తుంది. ఈ గదిలో అరిస్తే ఆ గదికి చేరదు. చెల్లెలికి చెప్పాలంటే మూడో మందిరం గడప దాకా పోవాల్సిందే. సర్పమందిరంలో మూడడుగులు వేయకముందే పాదాలు బరువెక్కాయి. నాపరాళ్ళమీద అతని అడుగులు టకటకా రాయిమీద రాయి పడ్డట్టు మోగాయి. తలొంచుకునే ఉన్నాడు కానీ, పాములకు ఇతని పరుగు నచ్చలేదు. రెండు దూకి పిక్కలు పట్టాయి, అప్పటికే పిక్కలు రాయైపోవడంతో కోరలు విరిగి జారిపోయాయి. తోకను వెనకేసుకుని అతను అద్దాల మందిరంలో పడ్డాడు. అక్కడ మోకాళ్ళు బిగుసుకుపోయాయి. బోర్లా పడ్డాడు. మోచేతులమీద పాకాడు. మేక గడ్డం అద్దపు చట్రానికి తగులుకుని ఊడి అక్కడే ఉండిపోయింది. నడుము రాయైంది, రాతి నడుమును ఈడ్చుకుంటూ గడప చేరాడు. చేతులు కదుల్తున్నాయి. గుండె కొట్టుకుంటోంది. దానికి పైన ఎంత మిగిలిందో అతనికి తెలుస్తోంది.

కువలయ గుండానికి నాలుగడుగుల దూరంలో ఉంది.

"కువలీ! ఆగు! ఆ దారి కాదు!"

ఇంట్లో పిలిచే ముద్దుపేరు, అన్న గొంతు. కువలయ ఉలిక్కిపడింది, కానీ తిరగలేదు. "నువ్వు మా అన్నయ్యవి కావు. మాయవి," అంది ఏడుపు గొంతుతో. ఇంకో అడుగు వేసింది.

అరిందముడికి ఊపిరి సగమే ఆడుతోంది. ఇంకోసారి కువలీ అంటే ఇంకో అడుగు వేస్తుంది. అతను కళ్ళు మూసుకుని గొంతు బొంగురు చేసుకున్నాడు. ముంగిట్లో పాఠం అడిగినట్టే అడిగాడు.

"తోకలెన్ని?"

కువలయ ఠక్కున ఆగింది. అయ్యవారు అడిగితే ఆగి జవాబు చెప్పాలి. "రెండయ్యవారూ," అని వెక్కింది. "మీరేమో రెండుండవన్నారు!"

"అన్నాను. తప్పు చెప్పాను తల్లీ. రెంటినీ సరిగ్గా చూడు. అందులో వణికేది ఏది?"

కువలయ ముక్కు తుడుచుకుని వంగి చూసింది. "ఈ వెనకది. ఊరికే ఊగుతోంది."

"మంట నిలకడగా ఉండదు. అందుకే దాని నీడా ఉండదు. మణికి నిలకడ ఉంది." రాయి మెడ దాకా వచ్చింది. ఇక ఒక్క మాటకే చోటుంది. చెప్పేస్తే సరిపోయేదే, కానీ చెప్పకుండా అడిగాడు. "ఇప్పుడు నువ్వే చెప్పు. ఏ తోక నీది?"

కువలయ కాసేపు ఆలోచించింది. ఆమె ఆలోచించినంతసేపూ అరిందముడు గుడ్లప్పగించి చూశాడు. ఎందుకంటే రెప్పలు రాయైపోయాయి.

"వణకనిది," అంది కువలయ. గుండానికి వీపు తిప్పింది, నిలకడగా ఉన్న నీడను వెనక్కి వేసుకుంది, చకచకా నడిచింది. అయ్యవారు భేష్ అంటాడేమోనని ఎదురుచూసింది. అయ్యవారు అనలేదు.

పద్మపీఠంమీద చెయ్యి పెట్టి, తడుముకుని, ఆమె ఆయుష్మణిని గుప్పిట్లో బిగించింది. మనిషి చెయ్యి మూయగానే బిలం అంతటా పాలవెలుగు ఆరిపోయింది. వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కొంచెం మాత్రం కారుతోంది. ఇక తల దించుకోనవసరం లేదు. ఆమె మొదటిసారి తలెత్తి, గుప్పిటను దీపంలా పట్టుకుని గడపవైపు వచ్చింది.

"అయ్యవారూ, తెచ్చేశాను!"

గడపలో అయ్యవారు మోచేతులమీద పడి ఉన్నాడు. ఆయన రుద్రాక్షలే, ఆయన పంచే. ముఖం మాత్రం ఆయనది కాదు. గడ్డం లేదు. కువలయ వేళ్ళు కాస్త సడలించింది. వెలుగు ఆ మనిషిలోంచి తిన్నగా దాటిపోయింది, అతని వెనక నేలమీద వణకని నీడ పడలేదు. ఆమె మోకాళ్ళమీద కూలబడి, చల్లటి రాతి చెంపను రెండో చేత్తో తడిమింది.

"అన్నయ్యా," అంది. ఆమెకు అన్నమీద కోపమొచ్చింది, అయ్యవారిమీద కోపమొచ్చింది, ఇద్దరూ ఒకరేనని తెలిసి ఏడుపొచ్చింది.

బయట బొర్రన్న ఇంకా కావలివాళ్ళతో పెనుగులాడుతున్నాడు. ధూమజిహ్వుడికి లోపల ఏం జరిగిందో కనిపించే వీలు లేదు. అంజనమంతా అతని పట్టుబట్టలమీదే ఉంది. గుమ్మంలో వెలుగు ఆరింది కనుక మణి పిల్ల చేతికి వచ్చిందని మాత్రం తెలిసింది. పండితుడు మొదటి మందిరంలోనే రాయైపోయి ఉంటాడని అతని లెక్క. అతను గొంతుమీద వేలు రాసుకుని మంత్రం జపించాడు. బిలం మింగలేని గొంతు అది.

"భేష్ తల్లీ, భేష్!" అని మాట వచ్చింది. అచ్చం అయ్యవారి గొంతే. అదే జీర, అదే విరుపు. "మణి పట్టుకుని తిన్నగా గుమ్మం దగ్గరికి వచ్చెయ్యి. నీకోసం ఇక్కడే నిలబడి ఉన్నాను."

కువలయ ఏడుపు ఆపింది. పొద్దుటినుంచీ ఆ గొంతు ఏం చెబితే ఆమె అదే చేసింది. ఇప్పుడు ఆ గొంతు వింటూ, మణి వెలుగులో అన్న పెదవులకేసి చూసింది. అవి కదలడం లేదు.

"వస్తున్నానయ్యవారూ," అని గట్టిగా బదులు చెప్పింది.

అన్న మెడలోని రుద్రాక్షమాల తీసి తన మెడలో వేసుకుంది. గుప్పిట గట్టిగా మూసి, గుమ్మంవైపు కాకుండా అగ్నిగుండం వెనక నల్లగా నోరు తెరిచి ఉన్న సొరంగంలోకి, తోక ఎటు పడుతోందో కూడా చూసుకోకుండా నడిచింది.